పతకానికి అందని సేవ: సైనికుడు పింగళి వెంకయ్యగారు

ఆగస్టు నెలలో మన గిరిజన కుటుంబాలు గుర్తుపెట్టుకోవలసిన తేదీలు నాలుగున్నాయి. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 15వ తేదీ స్వాతంత్ర్య దినోత్సవం. 31వ తేదీ, మన ఎరుకల వంటి తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన చట్టం దేశమంతటా రద్దయిన రోజు. వీటన్నిటికంటే ముందు వచ్చేది 2వ తేదీ. 1876 ఆగస్టు 2న మన మొవ్వ మండలంలోని భట్లపెనుమర్రులో పింగళి వెంకయ్యగారు పుట్టారు.

కూచిపూడి అనగానే లోకానికి గజ్జెలు గుర్తుకొస్తాయి. మొవ్వ అంటే క్షేత్రయ్య. ఆ పక్కనే ఉన్న భట్లపెనుమర్రు పేరు మాత్రం జెండా పండుగ రోజున తప్ప ఎవరూ తలవరు. తలచినా జాతీయ పతాక రూపశిల్పి అనే ఒక్క మాటతో ముగిస్తారు. ఆయన ఒకప్పుడు సైనికుడన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యానికి మించి ఉండదు. మన పిల్లలకు ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ సైనికుడి గురించే. సైన్యంలో కొద్దికాలమే ఉండి, బయటికి వచ్చాక 60 ఏళ్ళు దేశం పని చేసిన మనిషి కథ ఇది. మన సంఘం సంచికలో ఆయనకు చోటెందుకన్నది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

లాంగ్ సర్వీస్ మెడల్ అంటే ఏమిటి?

సైనికుల ఛాతీ మీద వరుసగా కనిపించే రంగురంగుల పట్టీలను చూసి పిల్లలు అన్నీ యుద్ధంలో గెలిచినవే అనుకుంటారు. కొన్ని ధైర్యానికి ఇచ్చేవి. కొన్ని ఫలానా యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చేవి. మరికొన్ని కేవలం ఏళ్ళు లెక్కపెట్టి ఇచ్చేవి. ఈ చివరి రకమే లాంగ్ సర్వీస్ మెడల్, అంటే దీర్ఘకాల సేవా పతకం.

ఈ ఆచారం బ్రిటిష్ సైన్యంలో 1830లో, నాలుగో విలియం రాజు కాలంలో మొదలైంది. కాల్బలంలో 21 ఏళ్ళు పనిచేసి, నడవడిక పుస్తకంలో మచ్చ లేకుండా ఉన్న మామూలు సిపాయికి దాన్ని ఇచ్చేవారు. స్వతంత్ర భారత సైన్యంలో ఇది మూడు మెట్లుగా ఉంది. 9 ఏళ్ళకు ఒకటి, 20 ఏళ్ళకు ఒకటి, 30 ఏళ్ళకు ఒకటి. దీనికి పెద్ద హోదా అక్కరలేదు, శత్రువు ట్యాంకును పేల్చి ఉండనక్కరలేదు. మంచులోనో ఎడారిలోనో, వంటశాలలోనో వర్క్‌షాపులోనో అప్పగించిన పని ఏళ్ళ తరబడి వదలకుండా చేస్తే చాలు. అందుకే ఈ పతకం నాకు ఇష్టం. రోజూ చేసే పనికి కూడా గౌరవం ఉందని చెబుతుంది.

అయితే దీనికొక హద్దు ఉంది. ఇది రికార్డులో ఉన్న ఏళ్ళనే లెక్కపెడుతుంది. డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన రోజుతో లెక్క ఆగిపోతుంది. ఆ తరువాత మనిషి చేసింది ఏ సర్వీసు పుస్తకంలోకీ ఎక్కదు. వెంకయ్యగారి జీవితంలో ముఖ్యమైనదంతా ఆ గీతకు అవతలే జరిగింది.

భట్లపెనుమర్రు నుంచి దక్షిణాఫ్రికాకు

వెంకయ్యగారి తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. బాల్యం ఈ దివిసీమ పరిసరాల్లోనే, యార్లగడ్డ, పెదకళ్ళేపల్లి గ్రామాల్లో గడిచింది. హైస్కూలు చదువు బందరులో. కృష్ణా కాలువల కింద పచ్చని పొలాలు, కరణీకం తెలిసిన కుటుంబం. కడుపు నింపుకోవడానికి సముద్రం దాటవలసిన అవసరం లేని ఇల్లు. అయినా ఆ కుర్రవాడు పట్టాలు, దస్తాలు వదిలి బ్రిటిష్ సైన్యంలో చేరాడు.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువారికీ, అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి బోయర్లకూ యుద్ధం వచ్చింది. 1902 మే నెలాఖరు దాకా సాగింది. బంగారు గనుల కోసం ఇద్దరు తెల్లవాళ్ళు కొట్టుకున్న యుద్ధమది. దాని బరువు మాత్రం నల్లవాళ్ళ మీద, భారతీయుల మీద కూడా పడింది. తెల్లవారి మీద తెల్లవారు చేసే యుద్ధంలో భారతీయుడి చేతికి తుపాకి ఇవ్వకూడదని పాలకులు అనుకున్నారు. అందుకని మన దేశం నుంచి వెళ్ళినవారిలో ఎక్కువమంది గుర్రాలు చూసేవారు, సామాను మోసేవారు, గాయపడినవారిని ఎత్తుకొచ్చేవారు. పతకాల్లోనూ ఆ తేడా పాటించారు. ఆ యుద్ధానికి విక్టోరియా రాణి బొమ్మతో ఒక పతకం చేయించారు. సైనికులకు వెండిలో, వెంట వెళ్ళిన భారతీయ సహాయక సిబ్బందికి అదే అచ్చు కంచులో.

ఆ యుద్ధంలో వెంకయ్యగారు పనిచేశారు. గాంధీజీని తొలిసారి కలుసుకున్నది దక్షిణాఫ్రికాలోనే. అప్పటికి గాంధీజీ అక్కడ న్యాయవాది. సుమారు 1,100 మంది భారతీయులను కూడగట్టి అంబులెన్సు దళం పెట్టి, స్పియాన్ కోప్ కొండ దగ్గర గాయపడిన ఇంగ్లీషు సైనికులను డోలీల మీద మోయించారు. ఆ సేవకు ఆయనకూ యుద్ధ పతకం వచ్చింది. ఆ పతకం తరువాత ఏమైందో గుర్తుంచుకోండి, ముందుకు వెళ్ళాక దానితో పని ఉంది.

ఒకే యుద్ధంలో, ఒకే పక్షాన, ఇంగ్లీషువారి జెండా కింద పనిచేసిన ఈ ఇద్దరూ మళ్ళీ 20 ఏళ్ళకు బెజవాడలో ఎదురుపడ్డారు. అప్పటికి ఇద్దరూ ఆ జెండాకు నమస్కారం పెట్టే మనుషులు కారు.

సైన్యం వదిలాక చేసిన పనులు

యుద్ధం నుంచి వచ్చినవారు సాధారణంగా ఊళ్ళో కూర్చుని ఆ కథలు చెప్పుకుంటూ బతుకుతారు. వెంకయ్యగారు అలా కూర్చోలేదు. ప్లేగు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెడుతున్న రోజులవి. బళ్ళారి ప్రాంతంలో ప్లేగు అధికారిగా పనిచేశారు. జనం ఇళ్ళొదిలి పారిపోతుంటే ఎదురు వెళ్ళి ఇల్లిల్లూ తిరగవలసిన ఉద్యోగం అది. ఆ తరువాత లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక్ కళాశాలలో చరిత్రతోపాటు జపాను భాష నేర్చుకున్నారు. 1913లో బాపట్లలో జరిగిన సభలో ఆ భాషలో ధారాళంగా ఉపన్యసించారు. అప్పటినుంచి జపాన్ వెంకయ్య అన్న పేరు వచ్చింది.

మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి ఆదరణతో వ్యవసాయ పరిశోధన చేశారు. కంబోడియా పత్తి విత్తనాన్ని మన నేలకు అలవాటు చేయడానికి పాటుపడ్డారు. అందుకు పత్తి వెంకయ్య అన్నారు. నెల్లూరు అభ్రకం మీద, వజ్రాల మీద పరిశోధించారు. వజ్రం ఏ రాతిలో పుడుతుందో చెబుతూ పుస్తకం రాశారు. అందుకు డైమండ్ వెంకయ్య అన్నారు. జెండా వెంకయ్య అన్నది అందరికీ తెలిసిందే. ఒక్క మనిషికి ఊరు పెట్టిన నాలుగు పేర్లివి. నాలుగూ చేసిన పని మీద పుట్టినవే.

వీటిలో ఒక ఉద్యోగం గురించి టీచరు శిక్షణ పొందిన మనిషిగా నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. సర్కారు చదువుకు బదులు దేశానికి పనికొచ్చే చదువు చెప్పాలన్నది వారి సంకల్పం. వెంకయ్యగారు అక్కడ ఉపాధ్యాయుడిగా చేరారు. వ్యవసాయం, చరిత్ర చెప్పేవారు. వాటితోపాటు పిల్లలకు వ్యాయామం, గుర్రపు స్వారీ, సైనిక శిక్షణ కూడా ఇచ్చేవారు. ఇంగ్లీషువాడి సైన్యంలో నేర్చిన కవాతును ఇంగ్లీషువాడు వద్దన్న చదువుల బడిలో పిల్లలకు నేర్పారు. తుపాకి అక్కడే వదిలి వచ్చినా, క్రమశిక్షణను మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఒక గుడ్డ కోసం పదిహేనేళ్ళు

1906లో కలకత్తాలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. వెంకయ్యగారు ఆ సభకు వెళ్ళారు. దేశం కోసం జరిగే సభలో ఎగిరింది ఇంగ్లీషువారి జెండా. సైన్యంలో పనిచేసినవాడికి జెండా విలువ మిగతావారికంటే ఎక్కువ తెలుస్తుంది. పొద్దున దాని ముందు నిలబడతాడు, పొద్దుగూకేవేళ దాన్ని దించి మడత పెడతాడు, దాని కింద చచ్చిపోవడానికి ఒప్పుకుంటాడు. మనకంటూ ఒక జెండా లేకపోవడం ఆయనకు అక్కడ ముల్లులా గుచ్చుకుంది.

అప్పటినుంచి అదే పట్టు. దేశదేశాల జెండాలు సేకరించి, ఏ రంగుకు ఏ అర్థమో, ఏ గుర్తు ఎందుకు పెట్టారో చదివారు. 1916లో భారతదేశానికి జాతీయ పతాకం అవసరమని చెబుతూ ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చు వేయించారు. అందులో తానే తయారుచేసిన 30 దాకా నమూనాలు ఉన్నాయి. వచ్చిన కాంగ్రెసు మహాసభకల్లా వెళ్ళి నాయకుల ముందు ఈ సంగతి పెట్టేవారు. విని ఊరుకున్నవారే ఎక్కువ. ఆయన విసుగు చెందలేదు.

ఈ లోపల గాంధీజీ పతకాల కథ మరో మలుపు తిరిగింది. జలియన్‌వాలా బాగు దారుణం, ఖిలాఫత్ అన్యాయం చూసిన గాంధీజీ, 1920 ఆగస్టు 1న తన పతకాలను వైస్రాయికి తిరిగి పంపేశారు. దక్షిణాఫ్రికాలో చేసిన సేవకు వచ్చిన కైసర్-ఇ-హింద్ బంగారు పతకం, జులూ యుద్ధ పతకం, బోయర్ యుద్ధ పతకం మూడూ వెళ్ళిపోయాయి. ఇచ్చిన చేయి అన్యాయం చేస్తుంటే పతకం ఛాతీ మీద ఉండడం గౌరవం కాదని ఆయన తేల్చుకున్నారు.

ఆ తరువాత ఎనిమిది నెలలకు, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. బందరు రోడ్డులో విక్టోరియా జూబ్లీ భవనం, అంటే ఇప్పటి బాపు మ్యూజియం, ఆ రోజులకు సాక్షి. కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించిన సమావేశం అది. ఆ సందర్భంలో వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి అందించారు. మధ్యలో రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌గారిది. రెండు పెద్ద మతాలకే రెండు రంగులైతే మిగిలిన వారి మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. వారందరికీ కలిపి తెలుపు చేర్చమని గాంధీజీ చెప్పారు. వెంకయ్యగారు చేర్చారు.

మిగిలిన వారి మాటేమిటన్న ఆ ప్రశ్న దగ్గర మనం కాసేపు ఆగాలి. మనమూ ఆ మిగిలిన వారిలోనే ఉన్నాం.

జెండా మారింది, మన గొంతు వినబడింది

ఇవాళ్టి జెండా అచ్చంగా వెంకయ్యగారు 1921లో ఇచ్చిన జెండా కాదు. పిల్లలకు ఈ విషయం దాచకుండా చెప్పాలి. 1931లో కరాచీ మహాసభ ఏడుగురితో పతాక కమిటీ వేసింది. దానికి కన్వీనరు మన బందరు పట్టాభిగారే. కమిటీ మొత్తం కాషాయం రంగు జెండాను సూచిస్తే, ఆ ఆగస్టులో కాంగ్రెసు దాన్ని కాదని కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీల మధ్య రాట్నం ఉన్న జెండాను ఆమోదించింది. రంగులకు మతాలతో సంబంధం లేదని, ధైర్యం, త్యాగం, శాంతి, సత్యం, విశ్వాసం వంటి గుణాలకు గుర్తులని అప్పుడే స్పష్టం చేసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం పెట్టింది. ఇలా ఎన్ని చేతులు పడినా, మొదట గుడ్డ కోసి రంగు వేసి తెచ్చి ముందు పెట్టింది బెజవాడలో వెంకయ్యగారు. విత్తిన చేయి, నీరు పెట్టిన చేయి, కోసిన చేయి వేరువేరైనా పంట ఒక్కటే.

ఆ 1947 జూలై 22 నాటి చర్చలో మన ఆదివాసీల తరఫున ఒక పెద్దమనిషి లేచి మాట్లాడారు. ఆయన జైపాల్ సింగ్ ముండా. ఛోటానాగపూర్ ముండా తెగలో పుట్టి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళినవారు, ఆదివాసీ మహాసభ నాయకుడు. ఈ నేలకు తొలి బిడ్డలైన ఆదివాసీల పక్షాన జెండా తీర్మానాన్ని ఆయన సంతోషంగా బలపరిచారు. తమ ప్రాంతంలో ఊరూరికీ సొంత జెండా ఉంటుందని, ఒక ఊరి జెండాను మరొకరు తీసుకోవడానికి వీలులేదని, దాని గౌరవం కోసం ప్రాణాలిచ్చేవారున్నారని వివరించారు. ఇకమీదట తమ ఊళ్ళలో రెండు జెండాలుంటాయని, ఒకటి తరతరాలుగా తమది, రెండోది దేశానిది అని చెప్పారు.

తెలుగు నేల మీద కూడా ఆ మాట నిజం. కోయల్లో పూర్వీకుల కథలు బొమ్మలుగా వేసిన పడిగెలు ఉన్నాయి. డోలీలు వాటిని చూపిస్తూ వంశ చరిత్ర పాడతారు. గుడ్డ మీద బొమ్మ వేసి, దాని చుట్టూ మనుషులను నిలబెట్టడం మన తాతలకు కొత్త విద్య కాదు. అందుకే జాతీయ జెండా అంటే ఏమిటో మనవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. మన అభ్యంతరం ఎప్పుడైనా ఒక్కటే. ఆ జెండా నీడలో మనకూ చోటు ఇచ్చారా లేదా?

ఈ ప్రశ్నకు 1921లో జవాబు లేదనే చెప్పాలి. బెజవాడలో ఆ జెండా చేతులు మారుతున్న రోజుల్లో ఎరుకల కుటుంబాలు నేరస్థ తెగల చట్టం కింద ఉన్నాయి. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911 సవరణ తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. వెంకయ్యగారు జపాను భాషలో ఉపన్యసించిన బాపట్లకు దగ్గర్లోనే, ఆ కాలంలోనే, స్టువర్టుపురం సెటిల్‌మెంటు లేచింది. ఒకే కాలంలో, ఒకరు దేశానికి జెండా ఆలోచిస్తున్నారు. మరొకరు తమ గుడిసె నుంచి పక్క ఊరికి వెళ్ళడానికి చీటీ అడుగుతున్నారు. రెండూ మన చరిత్రే. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా రద్దయింది 1952 ఆగస్టు 31న. జెండా ఎగిరిన ఐదేళ్ళకు.

ఈ సంగతి వెంకయ్యగారిని తప్పు పట్టడానికి రాయడం లేదు. లెక్కలోకి రాని సేవ, లెక్కలోకి రాని మనుషులు ఎలా ఉంటారో మనకు తెలుసు కాబట్టి, ఆయన చివరి రోజుల బాధ మనకు మిగతావారికంటే బాగా అర్థమవుతుందని చెప్పడానికే.

చిట్టినగర్ గుడిసె

స్వాతంత్ర్యం వచ్చాక వెంకయ్యగారు ఏ పదవీ అడగలేదు. ఖనిజాల పరిశోధన ఆయనకు ప్రాణం, వయసు మీద పడినా దాన్ని వదలలేదు. కానీ చేతిలో డబ్బు నిలవలేదు. చివరి రోజుల్లో విజయవాడ చిట్టినగర్‌లో చిన్న స్థలంలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆ స్థలం ఆయనకు ఎందుకు వచ్చిందో గమనించండి. జెండా ఇచ్చినందుకు కాదు, పత్తికీ వజ్రాలకూ కాదు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చిన స్థలం అది.

దీన్ని గురించి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మనసు పట్టేస్తుంది. యువకుడిగా పరాయి రాజు కోసం చేసిన కొద్ది ఏళ్ళ కొలువు కాగితం మీద ఉంది కాబట్టి దానికి అరగజమో గజమో నేల దొరికింది. సొంత దేశం కోసం చేసిన 60 ఏళ్ళ పనికి కాగితం లేదు కాబట్టి దానికి ఏమీ దొరకలేదు. ప్రభుత్వాలు మనుషులను చూసేది రిజిస్టరు లోంచే. రిజిస్టరులో వరుస లేనివాడు ఎదురుగా నిలబడినా కనిపించడు. రేషను కార్డు కోసం, కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగిన ప్రతి యానాది తల్లికీ ఈ సంగతి తెలుసు.

1963 జనవరిలో విజయవాడ పెద్దలు కొందరు, డాక్టర్ కె.ఎల్. రావుగారి వంటివారు పూనుకుని ఆయనకు సన్మానం చేసి కొంత నిధి అందించారు. అప్పటికే ఆలస్యమైంది. ఆరు నెలలు గడవకముందే, 1963 జూలై 4న, 86 ఏళ్ళ వయసులో వెంకయ్యగారు కన్నుమూశారు.

పోయేముందు ఆయన కోరింది ఒక్కటే. తన దేహం మీద మూడు రంగుల జెండా కప్పమన్నారు. శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడున్న రావిచెట్టుకు కట్టమన్నారు.

పిల్లలకు ఈ కోరిక చెప్పినప్పుడు జెండాను చెట్టుకు ఎందుకు కట్టమన్నారని అడుగుతారు. జవాబు సైనిక మర్యాదలో ఉంది. ఇవాళ్టి పతాక నియమావళి చూడండి. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగేటప్పుడు దేహం మీద జెండా కప్పుతారు. కాషాయం తల వైపు ఉండాలి. కానీ జెండా చితిలో కాలకూడదు, గోతిలోకి దిగకూడదు. ముందే తీసెయ్యాలి. మనిషి వెళ్ళిపోతాడు, జెండా మిగలాలి. వెంకయ్యగారి చివరి కోరికలో సరిగ్గా ఈ క్రమమే ఉంది. మీద కప్పండి, నాతో కాల్చకండి, పైన ఎగరనివ్వండి అన్నదే దాని భావం. సైన్యం వదిలి 60 ఏళ్ళు దాటినా ఆయనలో సైనికుడు అలాగే ఉన్నాడని నాకనిపిస్తుంది. ఏ పతకమూ అడగని ఆ మనిషి, తన పేరు చరిత్రకెక్కించిన గుడ్డను కూడా చివరి గడియలో తనకంటూ ఉంచుకోలేదు.

ఆ తరువాత గుర్తింపులు వచ్చాయి. 2009లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. విగ్రహాలు లేచాయి. 2022 ఆగస్టులో ఇంటింటా జెండా ఎగిరినప్పుడు దేశమంతా ఆయన పేరు వినబడింది. మంచిదే. చిట్టినగర్ గుడిసెలో ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఇంకా మంచిది.

మన పిల్లలకు ఈ కథ ఎందుకు?

కారణం చెబుతాను. మా హాస్టల్లో చదివే పిల్లల అన్నదమ్ములు కొందరు తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరిగెడుతుంటారు. అగ్నివీర్ ర్యాలీ కోసం 1,600 మీటర్ల పరుగు సాధన అది. 2022లో వచ్చిన ఈ పథకం కింద చేరినవారికి కొలువు నాలుగేళ్ళు. ఆ తరువాత నూటికి 25 మంది దాకా మాత్రమే రెగ్యులర్ సైన్యంలోకి తీసుకుంటారు. మిగిలినవారు సేవానిధి డబ్బుతో ఇంటికి వస్తారు. పింఛను లేదు. 9 ఏళ్ళ లాంగ్ సర్వీస్ మెడల్ ఆ నాలుగేళ్ళకు అందేది కాదు.

ఈ పథకం మంచిచెడ్డలు తేల్చడం నా పని కాదు. కానీ 21 ఏళ్ళకో 25 ఏళ్ళకో డిశ్చార్జి కాగితంతో తిరిగివచ్చే మన పిల్లవాడు, తన పని అయిపోయిందనుకుని అరుగు మీద కూర్చోకూడదు. అక్కడే వెంకయ్యగారి జీవితం అతనికి పనికొస్తుంది. ఆయన సైన్యంలో ఉన్నది కొద్దికాలం. వచ్చాక ప్లేగు ఊళ్ళలో తిరిగారు, కొత్త భాష నేర్చారు, విత్తనాలు పరీక్షించారు, రాళ్ళు పగలగొట్టి చూశారు, బడిలో పిల్లలకు కవాతు నేర్పారు, పదిహేనేళ్ళు ఒకే ఆలోచన పట్టుకుని తిరిగారు. నాలుగేళ్ళ కొలువు తరువాత ఇంకా 60 ఏళ్ళ సేవ చేయవచ్చని చూపించిన మనిషి మన పక్క ఊరివాడే.

మనలోనే మరో పేరు కూడా చెప్పుకోవాలి. లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, జార్ఖండ్ గుమ్లా ప్రాంతపు ఉరాఁవ్ తెగ బిడ్డ. 1962 డిసెంబరులో సైన్యంలో చేరాడు. 1971 డిసెంబరు 3న అగర్తలా దగ్గర గంగాసాగర్ పోరులో, ఒంటినిండా గాయాలతో శత్రువు మిషన్ గన్‌ను ఆపి ప్రాణం విడిచాడు. మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. అతని కొలువుకు తొమ్మిదేళ్ళు ఇంకా నిండలేదు. ఏళ్ళ లెక్కతో కొలిస్తే వెంకయ్యగారూ అందరు, ఎక్కా కూడా అందడు. ఏళ్ళు లెక్కపెట్టే పతకాన్ని తక్కువ చేయడం లేదు. 20 ఏళ్ళు, 30 ఏళ్ళు మచ్చలేకుండా నిలబడిన సుబేదారుకు నా నమస్కారం. కొలబద్ద ఒక్కటే కాదని మాత్రం పిల్లలకు తెలియాలి.

చివరిగా మన సంఘ సభ్యులకు ఒక విన్నపం. మన తండాల్లో, గూడేల్లో, ఎరుకల వాడల్లో, యానాది కాలనీల్లో సైన్యంలో, పోలీసులో, హోంగార్డుల్లో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. వారి పేరు, చేరిన సంవత్సరం, పనిచేసిన చోటు, వచ్చాక ఊరికి చేసిన మేలు ఒక నోటు పుస్తకంలో రాయించండి. రాసే పని హైస్కూలు పిల్లలకు అప్పగించండి. పతకం ఉంటే పతకం ఫోటో, లేకపోతే మనిషి ఫోటో అతికించండి. వారు బతికి ఉండగానే ఆ పుస్తకాన్ని జెండా పండుగ రోజున అందరి ముందూ చదివించండి. సర్కారు రిజిస్టరులో మన వరుస లేకపోతే, మన రిజిస్టరు మనమే రాసుకుందాం. వచ్చే ఆగస్టు 2న పిల్లలను భట్లపెనుమర్రు తీసుకువెళ్ళేవారు ఆ పుస్తకాన్ని కూడా చంకన పెట్టుకుని వెళితే, పింగళి వెంకయ్యగారికి అంతకు మించిన నివాళి ఉండదు.